నీటి అడుగున ప్లాస్టిక్ తొలగింపు: ఈ ఏడాది జమా ఖర్చుల వివరణ

సభ్యులకు, దాతలకు నమస్కారం.

సముద్రం అడుగున పేరుకున్న ప్లాస్టిక్‌ను, తెగిపోయిన వలలను తీయడానికి మీరిచ్చిన డబ్బు ఎటు పోయిందో ఇక్కడ రాస్తున్నాం. మొత్తం జమను వంద భాగాలనుకుని పద్దులన్నీ ఆ లెక్కన చెబుతున్నాం. అలాగైతే ఏ పనికి ఎంత పట్టిందో చప్పున తెలుస్తుంది. అసలు అంకెలు, రసీదులు, ఓచర్లు కోశాధికారి దగ్గరున్నాయి. చందా ఇచ్చిన ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ

సభ్యుల చందాలు 41, బయటి విరాళాలు 35, శిక్షణ తరగతుల రుసుము 14, నిరుటి నిల్వ 10.

ఒక విరాళాన్ని తిప్పి పంపేశాం. దిగిన ప్రతిసారీ పెద్ద కుప్ప తీసి, దాని ముందు తమ బ్యానర్‌తో ఫొటో దిగాలన్నది దాతల షరతు. కుప్ప పెంచాలన్న తొందర ఉంటే నీళ్లలోకి దిగే మా డైవర్లు తీయకూడనివి కూడా తీస్తారు. ఏళ్ల తరబడి అడుగున పడి ఉన్న సీసా మీద స్పాంజ్‌లు, పగడాలు పెరిగిపోయి ఉంటే దాన్ని కదపకూడదు. డబ్బాలో ఆక్టోపస్ కాపురముంటే అది బయటికి వెళ్లేదాకా ఆగాలి, గుడ్లు పెట్టి ఉంటే వదిలేసి రావాలి. అలాంటి రోజున సంచి ఖాళీగా వచ్చినా మాకు సమ్మతమే.

ఖర్చు

పడవకు, ఇంధనానికి 34. ఇందులో వివరించడానికి పెద్దగా ఏమీ లేదు.

డైవర్లు ఊపిరి పీల్చుకునే సిలిండర్లు నింపించడానికి 15. ‘ఆక్సిజన్‌కే ఇంతా?’ అని కొందరు అడిగారు. సిలిండర్లలో ఉండేది ఉత్త ఆక్సిజన్ కాదు, వడగట్టి, తేమ తీసేసి ఒత్తిడితో నింపిన మామూలు గాలి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు కాబట్టి ఒక్కో ఊపిరికి రెండింతల గాలి పోతుంది. దానికి తోడు వల కోయడం, సంచి మోయడం ఉంటే ఆయాసం పెరుగుతుంది. చేపలు చూడ్డానికి దిగినవాళ్లకు హాయిగా సరిపోయే సిలిండర్, పని చేయడానికి దిగినవాళ్లకు చాలా ముందే అయిపోతుంది.

భద్రతకు 17: శిక్షణ, ప్రథమ చికిత్స పెట్టె, పడవలో ఎప్పుడూ ఉంచే అత్యవసర ఆక్సిజన్ కిట్. ఇక్కడ మాత్రం అసలైన ఆక్సిజనే. డైవర్ త్వరగా పైకి వచ్చేసి ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టినప్పుడు మొదట ఇవ్వాల్సింది అదే. ఈ పద్దు తగ్గించమని ఎవరడిగినా మేం ఒప్పుకోం.

పనిముట్లకు 9. స్కూబా కిట్లు కొనలేదు, ఎవరి కిట్ వాళ్లే తెచ్చుకున్నారు. కొన్నవి మొద్దు మొనల కత్తెరలు, మందపాటి గ్లవ్స్, నీళ్లు కారిపోయే జాలి సంచులు, బరువులను పైకి లేపే గాలి సంచులు. ఉప్పునీటికి కత్తెరలు తుప్పుపట్టి మొరాయిస్తాయి. వల మధ్యలో ఉండగా అలా జరిగితే ప్రాణాల మీదికొస్తుంది, అందుకే ఒక్కొక్కరికి రెండేసి. గాలి సంచి వాడటానికి విడిగా శిక్షణ ఉండాలి. 10 మీటర్ల దగ్గర సగం నింపిన సంచి పైకి వచ్చేసరికి ఒత్తిడి తగ్గి నిండిపోతుంది, వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది. దాని తాడు డైవర్‌కు చుట్టుకుంటే అతన్నీ లాక్కుపోతుంది.

పగడానికి చుట్టుకున్న వలను పట్టి గుంజితే కొమ్మలు విరిగి దాంతో పాటే వచ్చేస్తాయి. అందుకని ఒకరు అడుగుకు తగలకుండా తేలుతూ వల ఒక్కో కన్నూ కత్తిరిస్తుంటే, రెండోవారు కోసిన ముక్కను వెంటనే చుట్టి పట్టుకోవాలి. వదిలితే ఆ కొస నీటిలో ఊగి ఎవరి ఫిన్‌కో (కాలికి తొడిగే రెక్క), సిలిండర్ వాల్వ్‌కో తగులుకుంటుంది. బతికున్న పీత కనిపిస్తే ముందు దాని కాళ్ల దారాలు తెంపుతారు. అరచేతంత మేర శుభ్రం కావడానికే చాలాసేపు పడుతుంది. ఇంతా చేసి తీసింది కొద్దిపాటి వలే కదా అని తేలిగ్గా చూడొద్దు. తెగిపోయిన వల ఎవరూ లాగకపోయినా చేపల్ని పడుతూనే ఉంటుంది.

ఒడ్డు మీద పనికి 14. ఈ ఖర్చు తడిసి మోపెడైంది. తీసినదాన్ని ఒడ్డున వదిలేస్తే గాలికో వానకో మళ్లీ నీళ్లలోకే పోతుంది. నైలాన్ వలను, పాలీప్రొపిలీన్ తాడును కలిపి కరిగించడం కుదరదు, విడదీయాలి. సీసపు గుళ్లు ఏరి పక్కన పెట్టాలి. నాచు కడగాలి. ఇంత చేశాకే రీసైక్లింగ్ వాళ్లు తీసుకుంటారు.

నమోదుకు 3: కొక్కెం త్రాసు, నీటిలో రాసే పలకలు, ఫారాలు. అన్నిటికంటే చిన్న పద్దు, మా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. 2010లో నేల మీద నుంచి సముద్రంలో చేరిన ప్లాస్టిక్ 48 లక్షల నుంచి 127 లక్షల టన్నులని 2015లో ఒక అధ్యయనం అంచనా వేసింది. దాన్ని డైవర్లు సంచులతో తోడి తీరతారని మేం ఎవరికీ చెప్పలేదు. డైవర్లు మాత్రమే చేయగలిగిన పని ఇంకోటుంది. ఒడ్డున చెత్త ఎవరైనా లెక్కపెడతారు, అడుగున ఏముందో దిగినవాళ్లకే తెలుస్తుంది. ఖాళీ ప్లాస్టిక్ సీసా మూతతో తేలుతుంది, నీళ్లు నిండితే మునుగుతుంది. నైలాన్ వల మునుగుతుంది. ఇలా మునిగినవేవీ పైనుంచి చూస్తే కనబడవు. 2011లో మొదలైన ‘డైవ్ అగెయిన్‌స్ట్ డెబ్రిస్’ (చెత్తకు వ్యతిరేకంగా డైవింగ్) కార్యక్రమంలో ప్రపంచమంతటా డైవర్లు ఏది, ఎక్కడ, ఎంత దొరికిందో రాసి పంపుతున్నారు. మేమూ ఆ పద్ధతిలోనే నీటి అడుగున దొరికినవి మాత్రమే రాస్తాం, తేలేవీ ఒడ్డువీ అందులో కలపం.

ఆ రాతల వల్ల ఏమవుతుందంటే, ఎక్కడ చేపల గాలాల దారాలు ఎక్కువ, ఎక్కడ కవర్లు ఎక్కువ అని తేలుతుంది. దాన్నిబట్టి వేటకు వెళ్లేవాళ్లతో మాట్లాడాలా, కాలువకు అడ్డుజాలి పెట్టమని అడగాలా అన్నది నిర్ణయించుకోవచ్చు. ఆసియా పసిఫిక్‌లో 159 పగడపు దిబ్బల దగ్గర పరిశోధకులు నీళ్లలోకి దిగి చూసి లెక్కపెట్టినందుకే, ప్లాస్టిక్ తగిలిన పగడానికి జబ్బు పడే అవకాశం 4 శాతం నుంచి 89 శాతానికి పెరుగుతుందని 2018లో లోకానికి తెలిసింది.

నిల్వ

ఖర్చులు పోను 8 మిగిలింది. అందులో 3 వచ్చే ఏడు నమోదు పద్దుకు కలిపి, కెమెరా, జీపీఎస్ కొనాలని కమిటీ ప్రతిపాదన. మిగతా 5 ఆక్సిజన్ కిట్ నిర్వహణకు ఉంచుతాం. అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశానికి ముందే రాసివ్వండి, ఓటింగ్ అక్కడే.