ఇన్సూరెన్స్ బాకీ అంటూ ఆటోలు లాక్కుంటున్నారు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో ఫైనాన్స్ మీద ఆటో తోలుకునేవాళ్లకు కంతులు చాలవన్నట్టు ఇప్పుడు ‘ఇన్సూరెన్స్ బాకీ’ ఒకటి మొదలైంది. నిజానికి ఇన్సూరెన్స్‌కు బాకీ పడటం అంటూ ఉండదు. ముందు ప్రీమియం కడితేనే పాలసీ. 1938 నాటి బీమా చట్టంలోనే ఆ సంగతి ఉంది. మరి ఈ బాకీ ఎక్కడిది? గడువు దాటగానే ఫైనాన్స్ వాళ్లే ప్రీమియం కట్టి, ఆ సొమ్మును అప్పు ఖాతాలో కలిపేస్తారు. బండి వాళ్ల తాకట్టులో ఉంది, అగ్రిమెంట్‌లో రాసుకుని ఉంటే తప్పు పట్టలేం. కానీ బండి ఓనర్‌కు ఒక్క ముక్క చెప్పరే!

మా తమ్ముడు కంతులన్నీ కట్టాడు. అయినా బాకీ ఉందని రాత్రి పదింటికి ఫోన్లు. స్టేట్‌మెంట్ తీయిస్తే అందులో ఇన్సూరెన్స్, దాని కింద ‘ఇతర ఛార్జీలు’, ఆ కింద జరిమానా. పాలసీ కాపీ అడిగితే బ్రాంచిలో ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. చివరికి కేంద్ర రవాణా శాఖ వాళ్ల ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి చూశాం. ఖాతాలో డబ్బు రాసుకున్నది ఒక నెల, పాలసీ మొదలైంది పై నెల! మధ్యలో బండి ఇన్సూరెన్స్ లేకుండానే అలిపిరికి జనాన్ని చేరవేసింది. ఈ లెక్క తేలకముందే రికవరీ వాళ్లు లీలామహల్ దగ్గర బండికి అడ్డం వచ్చి తాళం లాక్కున్నారు. కొండకు పోయే కుటుంబం మూటాముల్లెతో రోడ్డు మీద దిగాల్సి వచ్చింది. పోలీస్ స్టేషన్‌కు పోతే ‘అది సివిల్ మ్యాటర్, మీరే చూసుకోండి’ అన్నారు.

ఇన్సూరెన్స్ లేని బండి పట్టుబడితే మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు. అదొక లెక్క కాదు. యాక్సిడెంట్ అయితే పరిహారం ఓనర్ నెత్తిన పడుతుంది, కట్టకపోతే భూమి శిస్తు బకాయి లాగా కలెక్టర్ వసూలు చేయొచ్చు. ఆ నెలలో ఏదైనా జరిగి ఉంటే ఫైనాన్స్ కంపెనీ వచ్చి కట్టేదా?

రూల్స్ లేక కాదు. అప్పు వసూలుకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయకూడదన్న నిబంధన 2024 నుంచి ఉంది. కంపెనీకి రాసిచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (కస్టమర్ల ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి ఉచితంగా వెళ్లొచ్చు, 14448కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. కానీ రోడ్డు మీద తాళం లాక్కునేవాడిని ఆపాల్సింది పోలీసులే.

జిల్లా ఎస్పీ, రవాణా అధికారులు ఫైనాన్స్ ఆఫీసుల వాళ్లను ఒకసారి పిలిపించాలి. ప్రీమియం కట్టేముందు తెలుగులో మెసేజ్, కట్టిన వారంలోపు పాలసీ కాపీ బండి ఓనర్‌కు అందేలా చూడాలి. కంపెనీ ఇచ్చిన కాగితం, గుర్తింపు కార్డు లేకుండా ప్రయాణికులున్న ఆటోను ఆపినవాళ్ల మీద కేసు పెట్టాలి.

— ఒక ఆటో డ్రైవర్ అన్న, కొర్లగుంట, తిరుపతి