అక్వేరియం దీపానికి 12 వోల్టులు చాలు

సంపాదకులకు నమస్కారం.

ఖర్చు తగ్గుతుందని మామూలు ట్యూబ్‌లైటునో, హోల్డరు బల్బునో చేపల తొట్టె మీద వేలాడదీసే అలవాటు మన నెల్లూరు జిల్లా ఇళ్లలో ఇంకా కనిపిస్తోంది. పైన 230 వోల్టుల కరెంటు, కింద నీళ్లు, ఆ నీళ్లలో చేతులు పెట్టే పిల్లలు. దయచేసి ఇది మానండి. కొద్దిపాటి ఖర్చుతో ప్రమాదం లేని దీపం ఇంట్లోనే చేసుకోవచ్చు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో సుమారు 54 లీటర్లు పడతాయి. దానికి 12 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ రెండు వరుసలు సరిపోతుంది. 5050 రకం (5 మిల్లీమీటర్ల చదరపు ఎల్‌ఈడీలది), మీటరుకు 60 ఎల్‌ఈడీలున్న స్ట్రిప్ మీటరుకు 14.4 వాట్లు తీసుకుంటుంది. మూడేసి ఎల్‌ఈడీల తర్వాత, అంటే 5 సెంటీమీటర్లకొక గీత ఉంటుంది. అక్కడే కత్తిరించాలి, లేకపోతే తెగిన చోట మూడూ వెలగవు. 55 సెంటీమీటర్ల ముక్కలు రెండూ కలిపి 16 వాట్లు, అంటే 1.3 ఆంపియర్లు. కాబట్టి 2 ఆంపియర్ల అడాప్టర్ కొనండి. 1 ఆంపియరుది వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది. మిగతా వాటిలో ఎంత పొదుపు చేసినా అడాప్టర్ దగ్గర మాత్రం వద్దు. ఇంటి కరెంటును నీళ్ల దాకా రాకుండా ఆపేది అదే. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు చూసి తీసుకోండి.

స్ట్రిప్‌ను చెక్క మీద, ప్లాస్టిక్ మీద అంటిస్తే వేడి పోయే దారి లేక జిగురు ఊడుతుంది, వెలుగూ తొందరగా తగ్గుతుంది. కిటికీలు చేసే షాపుల్లో మిగిలిన అల్యూమినియం ముక్క అడిగి తెచ్చుకుని దాని మీద అంటించండి. రెండు వరుసలకూ ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి సోల్డరింగ్ చేయాలి. అతుకు అల్యూమినియానికి తగిలితే షార్ట్ అవుతుంది, స్లీవ్ (అతుకు మీద తొడిగే ప్లాస్టిక్ గొట్టం) తప్పనిసరి. అతుకుల మీద వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ పూయకండి, అది రాగిని తినేస్తుంది. న్యూట్రల్ సిలికోన్ అని అడగాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి అతుకులు ఇంకా త్వరగా పచ్చబడతాయి.

దీపానికీ నీళ్లకూ మధ్య గాజు మూత ఉండాలి. బోరు నీళ్లు చిట్లి ఆ గాజు మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొర వెలుగును మింగేస్తుంటే చాలామంది స్ట్రిప్ పాడైందనుకుని కొత్తది కొంటారు. వారానికోసారి వెనిగర్ గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో కడిగితే చాలు. అడాప్టర్‌ను తొట్టె పక్కన గోడకు, నీళ్లు చిందని చోట పెట్టండి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, అప్పుడు జారిన నీటిబొట్టు అడుగునే రాలిపోతుంది. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉంటే మరీ మంచిది. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీయండి.

స్ట్రిప్ రంగు 6500 కెల్విన్ తెలుపు, అంటే పగటి వెలుగు లాంటిది, తీసుకోండి. జావా ఫెర్న్, అనూబియాస్ లాంటి మొక్కలకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. అంతకు మించితే పాచి పడుతుంది. మొక్కలు లేని గోల్డ్‌ఫిష్ తొట్టెకైతే ఒక వరుసే ఎక్కువ. దీపాన్ని వేళకు వెలిగించి ఆర్పడానికి ముల్లు తిరిగే టైమర్ వాడితే, కరెంటు పోయినప్పుడు అది ఆగిపోతుంది, కోత తర్వాత సరిచేయాలి.

అక్వేరియం షాపుల యజమానులకు ఒక మనవి. తొట్టె అమ్మేటప్పుడు నీళ్ల మీద హోల్డరు బల్బు పెట్టి ఇవ్వకండి. 12 వోల్టుల స్ట్రిప్, అడాప్టర్ కలిపి ఇవ్వండి.

— అక్వేరియం పెంపకందారులు, నెల్లూరు