హానిబాల్ పోలిక సరే, కంచర గాడిదల లెక్క ఏదీ?

సంపాదకుల వారికి,

ఆల్ప్స్ దాటిన కార్తేజ్ సేనాని హానిబాల్‌ను లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవారి) ఆత్మగౌరవానికి ప్రతీకగా చూపుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివించింది. కానీ స్పెయిన్ పాలన నుంచి చిలీని విడిపించడానికి దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు దాటి ఆ పోలికను సంపాదించుకున్న అర్జెంటీనా సేనాని హొసే ద సాన్ మార్టిన్‌ను రెండు ముక్కల్లో తేల్చేశారు.

క్రీ.పూ. 218లో హానిబాల్ కొండ ఎక్కేసరికే చలి ముంచుకొచ్చింది. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ లెక్కన రోన్ నది దాటాక 38 వేల కాల్బలం, 8 వేల గుర్రపుదళం. ఇటలీలో దిగింది 20 వేలు, 6 వేలు. సాన్ మార్టిన్ మాత్రం 1817 జనవరిలో, అక్కడ నడివేసవిలో, అర్జెంటీనాలోని మెండోసా నుంచి 5 వేల పైచిలుకు మందితో కదిలాడు. తిండికి చార్కికాన్: ఎండబెట్టిన గొడ్డు మాంసం దంచి, కొవ్వూ మిరపకారమూ కలిపిన ముద్ద. వేడినీళ్లు పోస్తే చాలు, వంటచెరకు దొరకని ఎత్తుల్లో అదే ప్రాణాధారం. 4 వేల మీటర్లు దాటిన కనుమల్లో ఊపిరాడకపోతే ఉల్లి, వెల్లుల్లి పంచారు. గుర్రాలు యుద్ధానికి మిగలాలని జనాన్ని కంచర గాడిదల మీద ఎక్కించారు. అయినా మేత లేక, చలికి, రాళ్లకు తొమ్మిది వేలకు పైబడ్డ కంచర గాడిదల్లో 4,300, 1,600 గుర్రాల్లో సుమారు 500 మాత్రమే చిలీ చేరాయి. అంత సన్నాహం ఉండి కూడా ఇంత నష్టం!

ఫిరంగుల బాధ్యత లూయిస్ బెల్ట్రాన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసిది. చర్చి గంటలు కరిగించి ఆయుధాలు పోశాడు, ఫిరంగి గొట్టాలకు ఉన్నీ, పచ్చితోలు చుట్టించి తాళ్లతో కొండలు దాటించాడు. ఇక ఎత్తుగడ: దక్షిణ కనుమల గుండా వస్తామని 1816లోనే ఆ కొండల ఆదివాసులైన పెహువెంచెలకు చెప్పారు, ఆ మాట శత్రువు చెవిన పడుతుందని తెలిసే. ఆరు దారుల్లో దళాలు కదిలేసరికి స్పెయిన్ గవర్నర్ తన బలగాన్ని చెల్లాచెదురుగా కాపలా పెట్టుకున్నాడు. ఫిబ్రవరి 12న చిలీలోని చకాబుకోలో అతని సేన ఓడింది. రెండు రోజులకు సాంటియాగో చేజిక్కింది. ఇటలీలోని కన్నేలో రోమన్ల మీద అంత గెలుపు గెలిచీ హానిబాల్ రోమ్‌లో అడుగుపెట్టలేకపోయాడు.

మరొకటి. ఆ సైన్యంలో 7, 8 పటాలాల్లో అత్యధికులు బానిసత్వం నుంచి విడుదలైన నల్లవారు. లాటినో గుర్తింపు గురించి రాస్తూ వాళ్లను వదిలేసి కార్తేజ్ దాకా వెళ్లడం నాకు మింగుడు పడలేదు. వ్యాసకర్త రెండో భాగం రాస్తే వారితోనూ బెల్ట్రాన్‌తోనూ మొదలుపెట్టమని మనవి.

- చరిత్ర అధ్యాపకుడు, విజయనగరం