మన ‘ఏ’, వాళ్ల ‘ఓన్లీ’

గుంటూరు,
ఆదివారం

బుజ్జీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్న దగ్గర్నుంచి మనసు అక్కడే ఉంది. మీటింగులో ‘ఐ కేమ్ ఎస్టర్‌డే ఓన్లీ’ అన్నావని ఎవరో నవ్వారంటివి. అది ఇంగ్లీషు రాక వచ్చిన తప్పు కాదమ్మా, తెలుగు బాగా వచ్చి.

లోపల నువ్వు అనుకున్నది ‘నిన్ననే వచ్చాను’ అని. ఆ ‘ఏ’ని ఏం చేయాలో తోచక చివర ఓన్లీ తగిలించావు. మన ‘ఏ’ రెండు పనులు చేస్తుంది. ‘ఒక్క ముద్దే తిన్నా’ అంటే అంతకు మించి తినలేదని. ‘ఇంట్లోనే ఉన్నా, రా’ అంటే ఉత్తినే నొక్కి చెప్పడం. ఓన్లీకి బాగా చేతనైంది మొదటి పని. రెండోది ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా గొంతుతో కానిచ్చేస్తారు, ఆ మాటని కాస్త ఒత్తి పలికి. నువ్వు ‘ఓన్లీ ఎస్టర్‌డే’ అని ముందు పెట్టి ఉంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అది అచ్చం మన ‘నిన్ననే’.

పైగా ‘ఏ’ దేన్ని నొక్కాలో దానికే అంటుకుంటుంది, పేచీ లేదు. ఓన్లీ చాలాసార్లు క్రియ ముందు కూర్చుంటుంది. ‘ఐ ఓన్లీ టేస్టెడ్ ది పికిల్’ అంటే పచ్చడి ఒక్కటే రుచి చూశాననా, రుచి చూశానే గానీ తినలేదనా? అన్నవాళ్ల గొంతు వినాలి.

చివర ఓన్లీ పెట్టి తీరాల్సిన చోటు కూడా ఉంది. మిర్చి యార్డులో గుమస్తాగా చేరిన కొత్తల్లో, హమాలీల కూలి వోచర్ మీద ‘ఫైవ్ థౌజండ్’ అని రాసి వదిలేశా. పక్కన జానెడు ఖాళీ. ఎవరో అదే రంగు సిరాతో ‘ఫైవ్ హండ్రెడ్’ చేర్చి, అంకెల్లో ఒక సున్నాని ఐదు చేశారు. నా జీతంలో ఐదు వందలు కోత. అప్పట్నుంచి ఓన్లీ రాసి, దాని పక్కన గీత కూడా కొడతాను.

ఇంకోటి తెలుసా, ఓన్లీ పుట్టింది ‘వన్’ నుంచే. మన ‘ఒక్కతే కూతురు’లో ఒకటి ఉన్నట్టే.

పైదేశం వాళ్లకి మెయిల్ రాసేటప్పుడు చివర్లో ఓన్లీ ఉంటే ఓసారి చూసి తీసేయి. మనవాళ్లతో మాట్లాడేటప్పుడు వాడుకో, ఎవరికీ అర్థం కాకపోదు.

మీ అమ్మ పచ్చడి సీసా కట్టింది. పైన ‘మన పెరటి గోంగూరే’ అని రాయమంది. ఇంగ్లీషులో రాద్దామని కూర్చున్నా. కుదర్లేదు, తెలుగులోనే రాసి అంటించా.

నాన్న