హరిశ్చంద్రుణ్ణి చంపేసిన రాత్రి

ఒరేయ్ శీనూ,

సంక్రాంతికి నువ్వు రాసిన మెయిల్‌కి ఇప్పుడా జవాబు అని తిట్టుకో, పడతా. వాట్సాప్‌లో వాయిస్ పెడదామనుకున్నా కానీ నువ్వు ఎవడి గొంతునైనా రెండింతల స్పీడులో పెట్టుకుని వినే రకం, అందుకే కూర్చుని టైపు చేస్తున్నా. ఇంటి సంగతులు ముందే తేల్చేస్తా. అమ్మకి రెండో కంటికి కూడా శుక్లం ఆపరేషన్ అయింది, ఇప్పుడు నా చొక్కా మీద మరకలు నాకంటే ముందు ఆవిడకే కనిపిస్తున్నాయి. పాప ఇంటర్ సెకండియర్. ఇల్లు మారలేదు, అద్దె మారింది. అంతే.

ఇక అసలు సంగతి. మన హరిశ్చంద్రుడు గుర్తున్నాడా? అదేరా, పేపర్లో ట్రైనింగ్ రోజుల్లో తెనాలి దగ్గర తిరునాళ్లలో ఆయన నాటకం రాత్రంతా మేలుకుని చూశాం, కాటి సీను దగ్గర జనమంతా ఏడుస్తుంటే నువ్వు నీ చెప్పుల కోసం ఏడ్చావు. ఆయన్ని పోయిన నెలలో చంపేశారు. ఎవరో ఒకరని చెప్పలేను, అందరూ కలిసి చంపేశారు, ఫోన్లలో.

2020 లాక్‌డౌన్‌లో పేజీలు తగ్గించి జిల్లా డెస్కులు కుదించినప్పుడు నన్ను వెబ్ డెస్కులో వేశారని చెప్పాగా. అక్కడ గోడకి పెద్ద టీవీ ఉంటుంది. అందులో వార్తలు రావు, అంకెలు వస్తాయి. ఈ క్షణాన మన సైట్లో ఎంతమంది ఉన్నారు, ఏ ఐటెం మీద ఉన్నారు, ఎక్కణ్ణుంచి వచ్చారు అని. అంకె పడిపోతే రూములో అందరి మొహాలూ పడిపోతాయి. మనం సర్క్యులేషన్ ఎంతో ఆరు నెలలకోసారి తెలుసుకుని టీ తాగి మర్చిపోయేవాళ్లం కదా, ఇది రోజంతా నాడి పట్టుకుని కూర్చోవడమే.

ఆ రోజు నైట్ షిఫ్ట్. తొమ్మిదిన్నర దాటింది. ఫేస్‌బుక్‌లో నాటక కళాకారుల గ్రూపు ఒకదాంట్లో ఆయన ఫొటో కనిపించింది. మెడలో దండ, పక్కన వెలుగుతున్న దీపం, పైన 'రంగస్థలం మూగబోయింది' అని నాలుగు ముక్కలు. నేను టీ తాగి వచ్చేలోపు రెండు సైట్లు ఎత్తేశాయి. 'తీవ్ర విషాదం.. లెజెండరీ నటుడు ఇక లేరు!' నలభై ఏళ్లు పద్యం పాడినా ఆయన్ని ఏ సైటూ పట్టించుకోలేదు, పోయాడనగానే లెజెండ్ అయిపోయాడు.

మా ఇన్‌ఛార్జి కుర్రాడు మంచివాడే, నన్ను సార్ అంటాడు, సార్ అంటూనే తరుముతాడు.

"సార్, పది లైన్లు కొట్టెయ్యండి, ఫొటో రెడీగా ఉంది."

"కన్ఫర్మ్ చేసిందెవరు?"

"రెండు సైట్లు వేశాయి కదా సార్."

రెండోవాడు మొదటివాణ్ణి చూసి వేశాడు, మొదటివాడు ఫేస్‌బుక్ చూసి వేశాడు, ఇప్పుడు మనం వేస్తే నాలుగోవాడికి మనమే ఆధారం. ఆ మాటే అంటే, "పోనీ సార్, 'మృతి?' అని క్వశ్చన్ మార్కు పెట్టి వదులుదాం" అన్నాడు. చూశావా! మన కాలంలో 'అని విశ్వసనీయంగా తెలిసింది' ఉండేది, దాని చాటున ఎవరెవరు ఏమేం రాశారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ మనిషి ఉన్నాడా పోయాడా అని పాఠకుణ్ణే అడిగే హెడ్డింగు నాకు తెలిసి ఎవరూ పెట్టలేదురా.

ఒక్క ఫోన్ చేసుకోనీ అన్నా. ఎవరికి చేశాననుకున్నావ్? ఆ మండలం వార్తలు పంపే కంట్రిబ్యూటర్ ఇప్పటికీ మన 'బ్యానర్' మాస్టారే! బస్సు కండక్టరు చేతికి వార్తల కవరిచ్చి "జాగ్రత్త బాబూ, ఇందులో మొదటి పేజీ బ్యానర్ ఉంది" అనేవాడు, మనం ఆత్రంగా చింపితే గేదె తప్పిపోయిన వార్త ఉండేది, ఆయనే. ఎవరిదో పెళ్లిలో భోజనానికి కూర్చున్నాడట. విషయం చెప్పగానే, "సాయంత్రం పాలకేంద్రం దగ్గర చూశానే ఆయన్ని" అని విస్తరి ముందునుంచి లేచి మోపెడ్ తీశాడు. వాన. నేనిక్కడ ఫోన్ పట్టుకుని, వెనక ఇన్‌ఛార్జి, గోడ మీద అంకె జారిపోతోంది, మూడో సైటు, నాలుగో సైటు, ఒకాయనైతే యూట్యూబ్‌లో షెహనాయి పెట్టి మరీ వదిలాడు. టెన్షన్ అంటే ఏంటో అప్పుడు తెలిసింది.

కాసేపటికి ఫోన్ మోగింది. "ఎవరు బాబూ, పేపరువాళ్లా? నేనే మాట్లాడుతున్నా" అని అదే స్టేజీ గొంతు. నాకు నోట మాట రాలేదు. ఆయనే అందుకున్నాడు: "నేను పోయానని మాత్రం రాయకండి, కళాకారుల పింఛను ఆపేస్తారు. మళ్లీ బతికున్నానని కాయితం ఇవ్వడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక లేదు." తర్వాత కాస్త ఆగి, "ఇంతకీ ఫొటో ఏది వేశారు, వేషంలో ఉన్నదేనా?"

నవ్వకు. నేను నవ్వానులే. కానీ మద్రాసులో ఉన్న ఆయన చిన్న కూతురు ఈ వార్త ఫోన్‌లో చూసి, తండ్రికి ఫోన్ చేస్తే లైను కలవక, కట్టుబట్టలతో రాత్రి బస్సెక్కేసిందట. ఆ అమ్మాయికి మా ఎవరి అంకెల్లోనూ లెక్క లేదు.

ఇంతకీ ఏం జరిగిందంటే, ఆ దండ సన్మానం దండ. ఆ దీపం సభలో వెలిగించిన జ్యోతి. ఎప్పటిదో సన్మానం ఫొటో. ఆ సాయంత్రం నిజంగానే ఒకాయన పోయాడు. ఈయనకి ఏళ్ల తరబడి హార్మోనియం వాయించినాయన, పక్క ఊరు, ఒకటే ఇంటిపేరు. ఎవరో సంతాపం పెడుతూ, వెతికితే దొరికిన ఫొటో తగిలించారు. హార్మోనిస్టు ఫొటో ఎక్కడ దొరుకుతుంది చెప్పు, ఆయన ఎప్పుడూ స్టేజీ పక్కనే కదా కూర్చునేది.

ఇక్కడే నా కడుపు మండింది. బతికే ఉన్నారు, హార్మోనిస్టు పోయారు అని ఐటెం రాసి ఇచ్చా. మా వాడు చదివి, నిజంగా బాధపడుతూనే అన్నాడు: "మనం చంపలేదు కదా సార్, మనం బతికిస్తే ఎవరు చూస్తారు?" చంపినవాళ్లు మాత్రం గంటలో రెండో ఐటెం వేశారు. 'వదంతులకు చెక్.. ఇదిగో క్లారిటీ!' దానికి మొదటిదానికంటే ఎక్కువ జనం. ఒకడైతే పాత ఐటెంలోనే హెడ్డింగ్ మార్చి ఊరుకున్నాడు. లింకులో మాత్రం 'పాస్డ్ అవే' అని ఇప్పటికీ అలాగే ఉంది, కావాలంటే పంపుతా. సవరణ లేదు, చింతిస్తున్నాం లేదు. మన పేపర్లో సవరణ ఏ మూలనో చీమ తలకాయంత వేసేవాళ్లం, నిజమే, కానీ నిన్నటి పేపరు ఇంట్లోనే ఉండేది, తప్పు చెరిపేసే వీలుండేది కాదు. ఇప్పుడు అబద్ధానికి ఆదాయం రెండుసార్లు వస్తుంది, చంపినందుకోసారి, బతికించినందుకోసారి. తప్పు రాయనివాడికి రాయడానికే ఏమీ మిగలదు.

పొరపాట్లు కొత్తా అంటావేమో. కాదు. 2008లో బ్లూంబర్గ్ వాళ్లు స్టీవ్ జాబ్స్ బతికుండగానే, ముందే రాసిపెట్టుకున్న సంస్మరణ పొరపాటున వదిలేశారు, వెంటనే తీసేశారు. అది చెయ్యి జారడం. ఇది వ్యాపారం. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారిని ఇలాగే చంపేస్తే, బందోబస్తుకి పోలీసులు ఇంటికొచ్చారని ఆయనే వీడియోలో చెప్పుకోవాల్సి వచ్చింది. 2025 జులైలో ఆయన నిజంగా పోయిన పొద్దున మా డెస్కులో అందరి నోటా మొదటి మాట, "మళ్లీ పుకారేమో చూడండి". అదే ఏడాది నవంబరులో ధర్మేంద్ర ఆస్పత్రిలో ఉండగానే పెద్దపెద్ద ఛానళ్లు పోయారని వేసేశాయి, కేంద్రమంత్రి సంతాపం కూడా చెప్పేశాడు, హేమమాలిని, కూతురు బయటికొచ్చి బతికే ఉన్నారని చెప్పాల్సి వచ్చింది. రెండు వారాలు తిరక్కముందే ఆయన నిజంగానే పోయారు. ఆ రెండు వారాలు ఆ ఇంట్లోవాళ్లు... సరే వదిలెయ్.

హార్మోనిస్టు గురించి చెప్పలేదు కదూ. మాస్టారు ఆ రాత్రే రాసి పంపాడు, ఫోన్‌లో వేలితో టైపు చేసి, అన్నీ దీర్ఘాలు తప్పులే. జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ వచ్చింది, స్టాంపు సైజు ఫొటోతో. ఇంట్లో పెళ్లి ఆల్బమ్‌లోంచి కత్తిరించిన ఫొటో. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక అందరూ అదే దారి పట్టబట్టే కదా ఇలాంటి మనుషుల పేర్లు అచ్చులో పడ్డాయి, మనకి ఉద్యోగాలొచ్చాయి. వెబ్‌లో మాత్రం ఆయన ఎక్కడా పోలేదు. వెతికి చూశా. ఒక్క సైట్లోనూ లేడు.

నెలాఖరు రివ్యూలో స్లైడు వేశారు, 'మిస్సయిన ట్రెండ్స్' అని. అందులో మన హరిశ్చంద్రుడి పేరు ఉంది, ఎదురుగా నా షిఫ్టు. నేనేమీ అనలేదు, అంటే ఏమవుతుందో నీకు తెలుసు, ఈఎంఐలు ఉన్నాయి. వాళ్ల బాధా ఉందిలే. 2024లో గూగుల్ మన దగ్గర కూడా ఏఐ సారాంశాలు పైన చూపించడం మొదలుపెట్టాక జనం అక్కడే చదివేసి పోతున్నారు, లింకు నొక్కేవాళ్లే తగ్గారు, యాడ్స్ డబ్బులు ఎక్కణ్ణుంచి వస్తాయి అంటారు. దానికి మందు ఇదా అని నేను... ఏమో.

అయితే ఒకటి చెప్పాలి, లేకపోతే ముసలి ఏడుపు అంటావు. మాస్టారు ఆ రాత్రి వరండాలో లుంగీ మీద కూర్చున్న ఆయన చేత పద్యం పాడించి ఫోన్‌లో తీసి తన యూట్యూబ్ ఛానల్లో పెట్టాడు. అవును, మన బ్యానర్ మాస్టారికి ఛానల్ ఉంది! వెనకాల కుక్క మొరుగుతుంటుంది, వాన చప్పుడు, అయినా రాగం దీసేసరికి ఒళ్లు జలదరించింది. డల్లాస్ నుంచి, కువైట్ నుంచి కామెంట్లు. మన పేపర్లో గుంటూరు వార్త ప్రకాశం వాడికే చేరేది కాదు కదరా. ఫోన్ ఉన్నది అదే, పట్టుకున్న మనిషి వేరు.

నువ్వడిగిన మీవాడి సంగతి. జర్నలిజం కోర్సు చేస్తానంటున్నాడు, చేర్చాలా వద్దా అని కదా. డీఎస్సీ రాసి బతికిపోయినవాడివి, నన్నడుగుతావేంట్రా. వద్దు అని ఒక్క మాటలో రాయబోయా, చెయ్యి రాలేదు. చేరితే మాత్రం ఏడాదైనా మండలంలో తిరగాలి, మాస్టారి మోపెడ్ వెనక కూర్చోవాలి, ఏసీ రూములో అంకెలు చూసే పనికి నేరుగా వెళ్లకూడదు. జీతం విషయంలో అబద్ధం చెప్పను, మొదట్లో ఎంతిస్తారంటే... అయ్యో, క్యాబ్ వచ్చేసింది, కింద హారన్ కొడుతున్నాడు. ఆదివారం పొద్దున పదింటికి వాణ్ణి ఫోన్ చేయమను, నువ్వు పక్కన ఉండకు. సుజాతని అడిగానని చెప్పు.

నీ
భాస్కర్