నలభై దాటిన కార్యకర్తకూ ఒక ఫెలోషిప్ కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ప్రజాస్వామ్యం, అభివృద్ధి రంగాల్లో పనిచేసేవారికోసం వెలువడే నాయకత్వ ఫెలోషిప్ ప్రకటనలు చదివేటప్పుడు ముందుగా వయోపరిమితి ఎంతో వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది. 2012లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మొదలుపెట్టిన ప్రధానమంత్రి గ్రామీణాభివృద్ధి ఫెలోషిప్ ఇరవైల్లో ఉన్న పట్టభద్రులను వెనుకబడిన, నక్సల్ ప్రభావిత జిల్లాలకు పంపింది; తర్వాత వచ్చిన మహాత్మా గాంధీ జాతీయ ఫెలోషిప్ కూడా 30 ఏళ్ళు దాటనివారికే. చదువు ముగించుకొని వచ్చే యువతకు పల్లె చూపించడం మంచిదే, కాదనను. అయితే ఆ పల్లెల్లోనే పదిహేనేళ్ళుగా తిరుగుతున్న మనిషికి, పని కాస్త పక్కన పెట్టి, ఇన్నాళ్ళూ తాను చేసిందేమిటో, చేయలేకపోయిందేమిటో ఆలోచించుకొనే వ్యవధి ఎవరిస్తారన్నదే ఈ లేఖలో నేను అడగదలచింది.

నేను ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలో, అంటే రికార్డుల్లో రాసినదాన్ని ఊరివాళ్ళ ముందే సరిచూసే పనిలో, పనిచేసినవాణ్ణి. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొదలైంది మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. గ్రామసభే తనిఖీ చేయాలని చట్టంలోని 17వ సెక్షన్ చెప్పిందే గాని, ఎలా చేయాలో చెప్పలేదు. ఆ ‘ఎలా’ను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో కూలీల ఇళ్ళ పిల్లలే ఇంటింటికీ తిరిగి నేర్చుకున్నారు. ఒక పంచాయతీలో చీకటిపడ్డాక బడి వరండాలో మస్టరు (కూలీల హాజరు పట్టీ) చదువుతుంటే ఒక పెద్దావిడ లేచి, ‘ఆ వారమంతా నేను మా పాప పురుటికి పోయింటి గదా, దాంట్లో నా ఏలిముద్ర ఎట్ల పడె?’ అంది. సభంతా మూగబోయింది. కూలీల హాజరు వేసే మేటు తల దించుకున్నాడు. ఆమె మాట రాసుకొని తర్వాతి పేరు చదవడం ఎవరైనా చేయగల పనే. అలా అడిగినందుకు ఆమెకు మరుసటి వారం పని లేకుండా పోకూడదంటే ఏం చేయాలి, కూలీలు ఇంటికి చేరేది చూసి ఏ వేళకు సభ పెట్టాలి, ఊళ్ళో ఎవరి ఇంట భోంచేయకూడదు అన్నవి మాత్రం ఏ కరదీపికలోనూ ఉండవు. అవి ఏళ్ళ తరబడి తిరిగినవారి బుర్రల్లో ఉంటాయి, వారు మానుకున్న రోజున వారితోనే పోతాయి.

అనుభవజ్ఞులకు ఇలాంటి వ్యవధి ఇవ్వాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ పేరిట 1978లో ఏర్పడిన ఫెలోషిప్ పట్టా కోసం పెట్టింది కాదు. కనీసం ఐదేళ్ళ అనుభవం ఉన్న ఇతర దేశాలవారు పది నెలల పాటు అక్కడి విశ్వవిద్యాలయంలో గడిపి, మధ్యలో కొన్ని వారాలు తమ రంగానికే చెందిన ఒక కార్యాలయంలో కూర్చొని పనిచేసేలా దాన్ని రూపొందించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం డ్రేపర్ హిల్స్ పేరిట వేసవిలో నడిపిన కార్యక్రమం మూడు వారాలదే అయినా, న్యాయవాదులనూ పాత్రికేయులనూ అధికారులనూ ఉద్యమకారులనూ ఒకే గదిలో కూర్చోబెట్టింది. రెండింటిలోనూ నాకు నచ్చింది పాఠాల కంటే ఈ పొందికే. ఎటొచ్చీ మొదటిదానికి డిగ్రీ కావాలి, రెండింటికీ ధారాళమైన ఇంగ్లీషు కావాలి, తిరిగివచ్చాక కూర్చోవడానికి ఒక కుర్చీ మిగిలి ఉండాలి. శాశ్వత ఉద్యోగికైతే చదువు కోసం సెలవు నిబంధనల్లోనే ఉంది. ఏటేటా ఒప్పందం పొడిగించుకొనే ఉద్యోగి పది నెలలు ఊరు విడిచి వెళితే ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. మహిళా పొదుపు సంఘాల మండల సమాఖ్య లెక్కలన్నీ నోటికి చెప్పగల మహిళ పదో తరగతి దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు. ఆమె ఆ దరఖాస్తు మొదటి పేజీ కూడా దాటలేదు.

కాబట్టి ఉభయ రాష్ట్ర ప్రభుత్వాలూ కలిసో విడివిడిగానో, 35 నుంచి 50 ఏళ్ళ మధ్యవారికి, పూర్తిగా తెలుగులో జరిగే నాలుగు నెలల ఫెలోషిప్ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. చోటు వెతకనక్కర్లేదు, రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ దశాబ్దాలుగా ఉంది. అయితే ఇది మరో శిక్షణగా మారకూడదు. సంచీ, పెన్ను, సంతకాల రిజిస్టరు, మధ్యాహ్న భోజనం తర్వాత కునికిపాట్లు ఉండే మూడు రోజుల శిక్షణలు మాకు కావలసినన్ని అయ్యాయి. పంచాయతీ కార్యదర్శి, విలేకరి, సమాఖ్య నాయకురాలు, సమాచార హక్కు కార్యకర్త, కింది కోర్టు న్యాయవాది ఒక జట్టుగా ఉండాలి. ఆ నాలుగు నెలల్లో ఆరు వారాలు బయటి రాష్ట్రంలో గడపాలి: 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టిన కేరళలో ఒక పంచాయతీలోనో, తనిఖీలో తేలినదాన్ని జనం ముందు చదివే మా ప్రజావేదికకు మూలమైన బహిరంగ విచారణలను 1994 నుంచి నడిపిన, కూలీల, రైతుల సంఘమైన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌తో రాజస్థాన్‌లోనో. తిరిగివచ్చాక ప్రతి ఒక్కరూ తమ పనిలో తెలుసుకున్నదాన్ని, ఓటమితో సహా, తెలుగులో రాసి ఇవ్వాలి. ఆ నాలుగు నెలలూ జీతం ఆగకూడదు, ఒప్పంద ఉద్యోగమైనా సరే పోస్టు ఖాళీ చూపకూడదు. ఈ చివరి షరతు జీవోలో రాయకపోతే మిగిలినదంతా రాసీ ప్రయోజనం లేదు.

సిఫారసు ఉత్తరాలతో పార్టీల మనుషులు వచ్చి చేరతారన్న అనుమానం సహేతుకమైనదే, నాకూ ఉంది. దానికి ఇంకో కమిటీ వేయడం కంటే, తుది జాబితాలోని ప్రతి ఒక్కరి పేరునూ, వారు చేశామని రాసుకున్న పనులనూ వారి సొంత మండలంలోనే ప్రజావేదిక పెట్టి మైకులో చదివించడం మేలు. అభ్యంతరం ఉన్నవారు అక్కడే లేచి చెబుతారు. మా వైపు జనానికి ఆ అలవాటు ఎప్పుడో అయింది.

ఇట్లు,
సామాజిక తనిఖీ మాజీ కార్యకర్త,
అనంతపురం జిల్లా