కాలువ పైన, ఇల్లు కింద

ఏరా బావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "రేపు వానొస్తుందో రాదో చెప్పలేనివాళ్ళు 2100 గురించి చెబితే మీ డచ్చోళ్ళు గట్లు కట్టేస్తారా?" అని నవ్వావు కదా. ఫోన్లో తెగే సంగతి కాదని రాస్తున్నా.

మా వంటగది కిటికీలోంచి కాలువ గట్టు కనిపిస్తుంది, నీళ్ళు కనిపించవు. నీళ్ళు మాకంటే ఎత్తులో ఉంటాయి మరి! పొద్దున్నే టీ పెట్టుకుంటుంటే పడవ పైభాగం గట్టు మీదుగా జారుకుంటూ పోతుంది. కొత్తలో గుండె గుభేలుమనేది. ఈ నెదర్లాండ్స్ దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టానికి కిందే ఉంది. 1953 ఉప్పెనలో 1836 మంది పోయారు. ఆ భయం ఇంకా తీరలేదు.

ఇక నీ ప్రశ్న. ప్రపంచం మొత్తానికి వేసే వాతావరణ మోడల్, అంటే ముందు ముందు వాతావరణం ఎలా మారుతుందో కంప్యూటర్‌తో వేసే లెక్క, భూమిని ఇంచుమించు వంద కిలోమీటర్ల గళ్ళుగా విడగొడుతుంది. ఆ లెక్కన మన కోనసీమంతా ఒక్క గడిలో సరిపోతుంది, కాస్త సముద్రాన్ని కూడా కలుపుకుని. ఇక్కడి వాతావరణ సంస్థ కేఎన్‌ఎంఐ, రాక్మో అనే ప్రాంతీయ మోడల్‌ని 12 కిలోమీటర్ల గళ్ళతో నడుపుతుంది. మన దగ్గర అలా నడిపితే అమలాపురానికో గడి, రాజోలుకో గడి అన్నమాట.

ఈ దేశపు రాబోయే వాతావరణం గురించి 2023లో వాళ్ళిచ్చిన అంచనాలు నాలుగు. ఉద్గారాలు (భూమిని వేడెక్కించే పొగలు) తగ్గితే రెండు, పెరిగితే రెండు, ప్రతి రెండిట్లో ఒకటి కాస్త తడి, ఒకటి కాస్త పొడి. నాలుగింటిలోనూ చలికాలం వానలు పెరుగుతాయి, వేసవి ఎండుతుంది. తేడా అంతా ఎంత అన్నదగ్గరే. ఏది నిజమవుతుందని ఎవరూ పందెం కాయరు, నాలుగింటికీ తట్టుకునే పనేదో చూసుకుంటారు. నాకు నచ్చింది అదే.

2021లోనే కేఎన్‌ఎంఐ, 2100కల్లా సముద్రం 1.2 మీటర్ల దాకా పెరగొచ్చు, అంటార్కిటికా మంచు తొందరగా కరిగితే 2 మీటర్లు అంది. మరుసటేడు ప్రభుత్వం, రేపు ఎత్తు పెంచాల్సొస్తే ఉంటుందని గట్ల పక్కన జాగా అట్టేపెట్టమంది. మా పక్కింటి పెద్దాయనకి గట్టు వైపు షెడ్డు వేసుకోడానికి అనుమతి రాలేదు. "2100కి నేనుంటానా?" అని రోజూ గొణుగుడే.

అలాగని మోడల్‌కి అన్నీ తెలుసనుకోకు. 2021 జూలైలో ఇక్కడి వాల్కెన్‌బర్గ్ ఊరు మునిగింది సముద్రం వల్ల కాదు, ఓ చిన్న ఏరు పొంగి. అలాంటి కుండపోత 12 కిలోమీటర్ల గడికి సరిగ్గా అందదు. అందుకే ఇప్పుడు రెండు మూడు కిలోమీటర్ల గళ్ళ దాకా దిగుతున్నారు.

సరేగానీ, మీ చేను పక్క మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించారా? నాట్లలోపు తీయకపోతే మళ్ళీ నిరుటి కథే. ఫోటో పెట్టు.

నీ బావ